పట్టికకు లొంగని రాళ్లు: సీమ ఖనిజాల్లో రసాయన బంధాల తీరు

తొలకరి జల్లులు పడి ఎర్రనేల మీద పైమట్టి కొట్టుకుపోగానే కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి, అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు పొలాల్లో జనం నేల చూపులు చూస్తూ నడవడం మొదలవుతుంది. ఊరివాళ్లతో పాటు పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద మకాం వేసి వజ్రాల కోసం వెతుకుతారు. ఏటా ఈ వార్త పత్రికల్లో వస్తూనే ఉంటుంది. దానితో పాటు రెండు నమ్మకాలు కూడా చలామణీ అవుతుంటాయి. సుత్తితో కొట్టినా పగలనిదే అసలు వజ్రమని ఒకటి, గాజును గీస్తే అది వజ్రమేనని మరొకటి.

అదే ఊళ్ల బడుల్లో పిల్లలు రసాయన బంధాల పాఠంలో ఒక పట్టికను బట్టీ పడుతుంటారు. అయానిక పదార్థాలు, అంటే విరుద్ధ ఆవేశాల ఆకర్షణతో కలిసి ఉండేవి, గట్టిగా ఉంటాయని, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కరుగుతాయని, నీటిలో మాత్రం తేలిగ్గా కరుగుతాయని ఒక వరుస చెబుతుంది. సమయోజనీయ పదార్థాలు, అంటే ఎలక్ట్రాన్లను పంచుకుని కలిసి ఉండేవి, మెత్తగా ఉంటాయని, తక్కువ వేడికే కరుగుతాయని, నీటిలో కరగవని రెండో వరుస చెబుతుంది. ఈ పట్టికే నిజమైతే సమయోజనీయమైన వజ్రకరూరు వజ్రం మైనంలా ఉండాలి, అయానికమైన మంగంపేట ముగ్గురాయి వానకు కరిగి పెన్నలో కలవాలి. రెండూ జరగడం లేదు.

సంక్షిప్తంగా: ఒక పదార్థం గట్టిదనం, ద్రవీభవన స్థానం (వేడికి కరిగే ఉష్ణోగ్రత), ద్రావణీయత (నీటిలో కరిగే గుణం) అందులోని బంధం పేరును బట్టి మాత్రమే నిర్ణయం కావు. ఆ బంధాలు స్ఫటికం అంతటా అల్లుకున్నాయా, చిన్న అణువుల దగ్గరే ఆగిపోయాయా, పొరలుగా పరుచుకున్నాయా అన్నది అంతే ముఖ్యం. వేడి చేసినప్పుడు, కొట్టినప్పుడు, నీటిలో వేసినప్పుడు తెగేది ఏ బలమో చూస్తే పట్టికలోని మినహాయింపులు చాలావరకు మినహాయింపులు కాకుండా పోతాయి. వజ్రం, బంగారం, ముగ్గురాయి, నాపరాయి, బలపం, రాతినార (ఆస్బెస్టాస్) అన్నీ దొరికే రాయలసీమ నేల దీనికి చక్కటి ఉదాహరణ.

మూడు బంధాలు, ఒక పట్టిక

1916లో జర్మనీలో వాల్తర్ కోసెల్, అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ వేర్వేరుగా రసాయన బంధానికి ఎలక్ట్రాన్లతో వివరణ ఇచ్చారు. సోడియం లాంటి లోహ పరమాణువు తన బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ లాంటి అలోహానికి ఇచ్చేస్తే ఒకటి ధనాత్మక అయాన్‌గా, రెండోది రుణాత్మక అయాన్‌గా మారి, ఆ విరుద్ధ ఆవేశాల ఆకర్షణతో అయానిక బంధం ఏర్పడుతుందన్నది కోసెల్ వివరణ. రెండు అలోహ పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా పంచుకుంటే బంధం ఏర్పడుతుందన్నది లూయిస్ ఆలోచన. దీన్నే తెలుగు పాఠ్యపుస్తకాలు సమయోజనీయ బంధం అంటున్నాయి. లోహాల్లో పరిస్థితి వేరు. అక్కడ బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా లోహమంతటా తిరుగుతూ ధనాత్మక అయాన్లన్నిటినీ కలిపి పట్టి ఉంచుతాయి.

అప్పటికి మూడేళ్ల ముందే, 1913లో, ఎక్స్ కిరణాల సాయంతో బ్రాగ్ తండ్రీకొడుకులు ఉప్పు, వజ్రం స్ఫటికాల లోపలి అమరికను బయటపెట్టారు. ఉప్పు కణికలో ఒక సోడియం, ఒక క్లోరిన్ జతకట్టిన అణువులేవీ కనిపించలేదు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉన్నాయి. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు కార్బన్లను పట్టుకుని ఉంది. అంటే ఈ రెండింటిలోనూ అణువు అనే విడి ముక్క లేదు. పట్టికతో వచ్చే చిక్కుకు మూలం ఇక్కడే ఉంది. సమయోజనీయ పదార్థాలకు రాసిన లక్షణాలు నిజానికి విడి అణువులున్న పదార్థాల లక్షణాలు. ఆ తేడాను పట్టిక చెప్పదు.

కర్పూరం, వజ్రం

హారతి కర్పూరం బిళ్లను డబ్బా మూత తీసి పెడితే కొన్ని వారాల్లో సగానికి సగం తరిగిపోతుంది. దానిలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులను కలిపి ఉంచేవి సమయోజనీయ బంధాలే. వజ్రంలో ఉన్నవీ సమయోజనీయ బంధాలే. కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య ఒంటి బంధాన్ని తెంచడానికి రెండు చోట్లా మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. అయినా ఒకటి గాలిలో కలిసిపోతుంది, రెండోది కోట్ల ఏళ్లు నేలలో పడి ఉన్నా చెక్కుచెదరదు.

కర్పూరం గాలిలో కలిసేటప్పుడు దాని అణువు లోపలి బంధాల్లో ఒక్కటి కూడా తెగదు. ఒక అణువు పక్క అణువును విడిచి లేచిపోతుంది, అంతే. అణువుకూ అణువుకూ మధ్య ఉన్నది బలహీనమైన వాండర్ వాల్ ఆకర్షణ మాత్రమే కాబట్టి మామూలు గది వేడి దానికి సరిపోతుంది. వజ్రంలో విడిచి పోవడానికి అణువులు లేవు. ఒక్క పరమాణువును పెకలించాలన్నా అసలు బంధాలనే తెంచాలి.

ఇదే తేడా కార్బన్ డయాక్సైడ్‌లో, పలుగురాయిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కార్బన్, సిలికాన్ రెండూ ఆవర్తన పట్టికలో ఒకే గ్రూపుకు చెందినవి. రెండూ ఒక్కొక్కటి రెండు ఆక్సిజన్ల చొప్పున కలుపుకుంటాయి. కార్బన్ చిన్న పరమాణువు కాబట్టి ఆక్సిజన్లతో ద్విబంధాలు ఏర్పరచుకుని మూడు పరమాణువుల చిన్న అణువుగా ముగిసిపోతుంది. ఆ అణువుల గడ్డ మైనస్ 78 డిగ్రీల దగ్గరే వాయువైపోతుంది. కాస్త పెద్దదైన సిలికాన్‌కు అలాంటి ద్విబంధాలు కుదరవు. అది నాలుగు ఆక్సిజన్లను ఒంటి బంధాలతో పట్టుకుంటే, ఆ ఆక్సిజన్లు మళ్లీ పక్క సిలికాన్లను పట్టుకుని వలలా సాగిపోతాయి. ఒక్కో ఆక్సిజన్ రెండు సిలికాన్లకు ఉమ్మడి కాబట్టి, లెక్కకు సిలికాన్‌కు రెండు ఆక్సిజన్లే. ఆ వలే పలుగురాయి. అది కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల వేడి కావాలి.

తెలుగులో దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. మైనం వేడికి ద్రవమైనా కరిగిందనే అంటాం, ఉప్పు నీటిలో కలిసిపోయినా కరిగిందనే అంటాం. మొదటిది ద్రవీభవనం, రెండోది ద్రావణం కావడం. రెండింటిలో పనిచేసే బలాలు వేరు. ఉప్పు పొయ్యి మీద 801 డిగ్రీల దాకా కరగకపోవడం, లీటరు నీటిలో సుమారు 360 గ్రాములు ఇట్టే కరగడం పరస్పర విరుద్ధాలుగా విద్యార్థులకు తోచడానికి ఈ ఒక్క మాట కూడా కొంత కారణం.

సుత్తి కింద ఉప్పు, బంగారం, వజ్రం

గట్టిదనం వేరు, దెబ్బకు తట్టుకునే గుణం వేరు. ఒక వస్తువు మీద మరో వస్తువుతో గీత పడుతుందా లేదా అన్నదాన్ని బట్టి కొలిచేది గట్టిదనం. ఫ్రెడరిక్ మోస్ 1812లో ఇచ్చిన కొలతలో బలపం రాయికి 1, పలుగురాయికి 7, వజ్రానికి 10. దెబ్బకు పగలడం పూర్తిగా మరో లెక్క.

రాతి ఉప్పు గడ్డను సుత్తితో కొడితే అది చదునైన ముఖాలతో ముక్కలవుతుంది. దెబ్బకు అయాన్ల వరుస ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు, అప్పటిదాకా ధనాత్మక అయాన్‌కు ఎదురుగా ఉన్న రుణాత్మక అయాన్ స్థానంలోకి మరో ధనాత్మక అయాన్ వచ్చి నిలుస్తుంది. ఆకర్షణ ఉన్న చోట వికర్షణ పుట్టి ఆ తలం వెంట గడ్డ చీలిపోతుంది.

బంగారంలో వరుస జరిగినా ఏమీ కాదు. అయాన్లు ఎటు జరిగితే అటు ఎలక్ట్రాన్ల సముదాయం కూడా సర్దుకుంటుంది కాబట్టి లోహం పగలకుండా సాగుతుంది. ఒక గ్రాము బంగారాన్ని దాదాపు ఒక చదరపు మీటరు రేకుగా కొట్టగలగడం అందువల్లే సాధ్యం. ఒకప్పుడు రామగిరి గనుల్లో తీసిన బంగారానికైనా, ప్రొద్దుటూరు బజారులో అమ్మే బంగారానికైనా సూత్రం ఇదే. మేలిమి బంగారం మరీ మెత్తన కాబట్టి నగలకు రాగి, వెండి కలుపుతారు. పరిమాణంలో తేడా ఉన్న రాగి పరమాణువులు వరుసల మధ్య అడ్డం పడటంతో జారడం కష్టమవుతుంది. 916 ముద్ర ఉన్న చేతి గాజు, 24 క్యారెట్ల చేతి గాజు కన్నా తేలిగ్గా వంగకపోవడానికి కారణం ఇదే.

ఇక వజ్రం. దానిలోని బంధాలు నాలుగు నిర్దిష్ట దిక్కుల్లోనే ఉంటాయి; ఉప్పులో, లోహంలో మాదిరిగా చుట్టూ అన్ని వైపులకీ పనిచేసే ఆకర్షణ కాదు. గీతకు లొంగకపోవడానికి ఆ బిగుతే కారణం, దెబ్బకు లొంగడానికీ అదే కారణం. వరుస జరగలేదు, సాగలేదు. కాబట్టి దెబ్బ తాలూకు బలం ఎక్కడో ఒక చోట బంధాలను తెంచుతుంది. కొన్ని తలాల వెంట తెంచాల్సిన బంధాల సంఖ్య తక్కువ. వజ్రాలు సానపట్టేవాళ్లు పెద్ద రాయిని చీల్చడానికి పాత రోజుల నుంచీ వాడుకున్నది ఆ తలాలనే. పొలంలో దొరికిన రాయిని బండ మీద పెట్టి సుత్తితో కొడితే, అది నిజంగా వజ్రమే అయితే, లక్షలు పలికే రాయి నాలుగు చెక్కలు కావచ్చు. గాజు పరీక్ష కూడా అంత నమ్మదగ్గది కాదు. గాజు గట్టిదనం సుమారు 5.5, అదే పొలంలో దొరికే స్ఫటికం లాంటి పలుగురాయి ముక్క 7తో గాజును సునాయాసంగా గీస్తుంది.

ముగ్గురాయి నీటిలో ఎందుకు కరగదు

పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. బేరియం అయాన్లు, సల్ఫేట్ అయాన్లు పేర్చుకున్న అయానిక స్ఫటికం. పట్టిక ప్రకారం నీటిలో కరగాలి. లీటరు నీటిలో కరిగేది మాత్రం రెండు మూడు మిల్లీగ్రాములే.

అయానిక స్ఫటికం నీటిలో కరగడం ఒక బేరం లాంటిది. స్ఫటికంలో అయాన్లను విడదీయడానికి ఖర్చయ్యే శక్తి ఒక వైపు, విడివడిన అయాన్ల చుట్టూ నీటి అణువులు మూగినప్పుడు తిరిగి వచ్చే శక్తి మరో వైపు. ఉప్పులో అయాన్ల మీద ఒక్కొక్క ఆవేశమే ఉంటుంది. ఖర్చూ రాబడీ దాదాపు సమానం కావడంతో, విడివడి కలగాపులగం కావాలన్న సహజ మొగ్గు ఉప్పును కరిగిస్తుంది. ముగ్గురాయిలో రెండేసి ఆవేశాలు ఉండటంతో ఖర్చు బాగా పెరుగుతుంది. కానీ రెండేసి ఆవేశాలున్న మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సమ్ ఉప్పు, నీటిలో బాగానే కరుగుతుంది. తేడా అయాన్ పరిమాణంలో ఉంది. చిన్నదైన మెగ్నీషియం అయాన్ నీటి అణువులను గట్టిగా దగ్గరకు లాక్కుని పెద్ద రాబడి తెస్తుంది. పెద్దదైన బేరియం అయాన్ అంతగా లాక్కోలేదు.

బేరియం అయాన్ విషం. బేరియం క్లోరైడ్ లాంటి కరిగే లవణం కడుపులోకి పోతే ప్రాణాపాయం. అయినా కడుపు, పేగుల ఎక్స్ రే తీసేముందు రోగి చేత బేరియం సల్ఫేట్ ముద్దను తాగిస్తారు. అది కరగదు కాబట్టి అయాన్లు విడివడవు, రక్తంలో చేరవు. వచ్చిన దారినే బయటికి పోతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో ముగ్గురాయి పొడి కలపడానికి కూడా దాని కరగని గుణం, నీటికి నాలుగున్నర రెట్ల సాంద్రత పనికొస్తాయి. సాంద్రత మాత్రం బంధాల పుణ్యం కన్నా బేరియం పరమాణువు బరువు వల్ల వచ్చిందే ఎక్కువ.

ఒకే రాయిలో రెండు బంధాలు

కడప బండ వేసిన వంట గట్టు మీద నిమ్మచెక్క బోర్లా పడి కాసేపు ఉంటే, తుడిచాక అక్కడ తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసు పడినా అంతే. గ్రానైట్ గట్టు మీద అలాంటి మచ్చ పడదు. కడప బండలు, బేతంచర్ల నాపరాళ్లు, బెలుం గుహలు, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల కింది నేల, అన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఇందులో కాల్షియం అయాన్‌కూ కార్బొనేట్ అయాన్‌కూ మధ్య ఉన్నది అయానిక బంధం. కార్బొనేట్ అయాన్ లోపల కార్బన్‌ను, మూడు ఆక్సిజన్లను కలిపి ఉంచేది సమయోజనీయ బంధం. అయానికమా, సమయోజనీయమా అని అడిగితే రెండూ అన్నదే సమాధానం.

నిమ్మరసంలోని ఆమ్లం కార్బొనేట్ మీద పనిచేసి కార్బన్ డయాక్సైడ్‌ను విడిపిస్తుంది. ఉపరితలం గరుకై నునుపు పోతుంది. గ్రానైట్‌లో సిలికాన్, ఆక్సిజన్ల వలను నిమ్మరసం ఏమీ చేయలేదు. ఇదే పని వాన నీరు మెల్లగా, లక్షల ఏళ్లపాటు చేస్తే గుహలు పుడతాయి. గాలి నుంచి, మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న నీరు కరగని కార్బొనేట్‌ను కరిగే బైకార్బొనేట్‌గా మారుస్తుంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు అలా ఏర్పడినవే. పైకప్పు నుంచి నీటి బొట్టు వేలాడేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలోకి పోయి, కార్బొనేట్ మళ్లీ రాయిగా అక్కడే పేరుకుంటుంది.

సున్నపు బట్టీలో ఈ రాయిని కాలిస్తే మామూలు ఒత్తిడి దగ్గర అది కరగదు. సుమారు 900 డిగ్రీల దగ్గర కార్బొనేట్ అయాన్ లోపలి బంధమే తెగి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది, పొడిసున్నం మిగులుతుంది. అయానిక బంధం నిలబడింది, దాని లోపల దాగిన సమయోజనీయ బంధం ముందు లొంగింది. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో బొగ్గు మండించడం వల్ల వచ్చేది కాక, పెద్ద భాగం ఈ బంధం తెగడం నుంచే వస్తుంది. ఇంధనం మార్చినంత మాత్రాన దాన్ని ఆపలేకపోవడానికి కారణం అదే.

పొరల్లో దాగిన బలహీనత

పలక మీద బలపంతో రాసినప్పుడు పలకకు అంటుకునేవి దాని పొరలు. తాడిపత్రి, బేతంచర్ల ప్రాంతాల్లో దొరికే బలపం రాయిలో సిలికాన్, ఆక్సిజన్, మెగ్నీషియం బలమైన బంధాలతో అల్లిన పొర లోపల గట్టిగానే ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య మాత్రం వాండర్ వాల్ ఆకర్షణ తప్ప మరేమీ లేదు. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్‌దీ ఇదే తీరు. దాని పొర లోపల కార్బన్ల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, అంటే వజ్రంలోని 0.154 కన్నా తక్కువ. ఆ బంధం వజ్రం బంధం కన్నా బలమైనది. పొరల మధ్య ఎడం 0.335 నానోమీటర్లు. జారిపోయేది అక్కడే.

పులివెందుల ప్రాంతంలో దొరికే రాతినార కూడా ఈ కుటుంబానికి చెందినదే, కానీ దానిలో పొర చదునుగా ఉండదు. సిలికా పొర కన్నా దానికి అతుక్కున్న మెగ్నీషియం పొర కాస్త వెడల్పు కావడంతో, కొలతలు కుదరక మొత్తం చాపలా చుట్టుకుని సన్నని గొట్టం అవుతుంది. గొట్టాల కట్టలే నార. నిప్పుకు కాలకపోవడం దాని లోపలి బంధాల బలం. కంటికి కనిపించనంత సన్నని పోగులుగా విడిపోయి ఊపిరితిత్తుల్లో దిగబడటం కట్టల మధ్య ఉన్న బలహీనత.

నీరు, ఫ్లోరైడ్

నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ల మధ్య సమయోజనీయ బంధం మోల్‌కు దాదాపు 463 కిలోజౌళ్లది. ఒక అణువులోని హైడ్రోజన్, పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గడంతో ఏర్పడే హైడ్రోజన్ బంధం సుమారు 20. నీరు మరిగేటప్పుడు తెగేవి ఈ చిన్న బంధాలే. అవే లేకపోతే, అదే కుటుంబంలోని హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గర మరిగినట్టు, నీరు కూడా ఏనాడో ఆవిరై ఉండేది. అనంతపురం పొడి ఎండల్లో మట్టికుండ నీళ్లు చల్లబడటం కూడా వీటి వల్లే. కుండ గోడ నుంచి చెమర్చిన ప్రతి అణువూ తన హైడ్రోజన్ బంధాలను తెంచుకోవడానికి కావాల్సిన వేడిని మిగిలిన నీటి నుంచే తీసుకుంటుంది.

ఈ జిల్లాల బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సమస్యకూ బంధాలతో సంబంధం ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి నీటిలోకి వచ్చే ఫ్లోరైడ్‌ను కాల్షియం అడ్డుకుంటుంది. కాల్షియం ఫ్లోరైడ్ నీటిలో అంతంతమాత్రంగా కరిగే లవణం. బైకార్బొనేట్ ఎక్కువున్న నీటిలో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా పేరుకుపోతే, ఫ్లోరైడ్‌ను పట్టే అయాన్ మిగలదు. శరీరంలో చేరిన ఫ్లోరైడ్, ఎముక ఖనిజంలోని హైడ్రాక్సైడ్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. రెండింటి ఆవేశం ఒకటే, పరిమాణం దాదాపు ఒకటే. నీళ్లు మరిగించి తాగితే ఫ్లోరైడ్ పోతుందన్న అభిప్రాయం తప్పు. అయాన్లు ఆవిరి కావు. నీరు తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది.

హద్దు గీత ఎక్కడ

అయానికం, సమయోజనీయం అన్న విభజన కూడా గట్టు కట్టినట్టు ఉండదు. బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తన వైపు లాక్కునే గుణమైన రుణవిద్యుదాత్మకతకు లైనస్ పౌలింగ్ 1932లో ఇచ్చిన కొలతలో రెండు పరమాణువుల మధ్య తేడా 1.7 దాటితే బంధం అయానికమని పాఠాల్లో చెబుతారు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో ఆ తేడా 1.78; అయినా అది విడి అణువులున్న పదార్థమే, 20 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ అంకె ఉజ్జాయింపు గుర్తు మాత్రమే.

పొలంలో రాయిని గుర్తించడం

జొన్నగిరి పొలంలో మెరిసే రాయి దొరికితే, సుత్తి కన్నా మేలైన పరీక్షలు దాని బంధాల్లోనే ఉన్నాయి. బిగుతైన అల్లిక వల్ల వజ్రం వేడిని రాగి కన్నా సుమారు ఐదు రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది, అదీ విద్యుత్తును ప్రసరించనీయకుండా. దానిలో తిరుగాడే ఎలక్ట్రాన్లు లేవు, వేడిని మోసేది అల్లిక కంపనమే. రాయి మీద నోటి ఆవిరి ఊదితే పలుగురాయి మీద మసక కొన్ని క్షణాలు నిలుస్తుంది, వజ్రం మీద వెంటనే మాయమవుతుంది. వ్యాపారుల దగ్గరుండే వజ్రాల టెస్టర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. సాంద్రత కూడా తేడా చెబుతుంది: పలుగురాయి 2.65, వజ్రం 3.52.

గనుల్లో వాడిన పాత పద్ధతి ఇంకా తేలిక. కంకరను నీటితో కలిపి గ్రీజు పూసిన బల్ల మీద పారిస్తారు. పలుగురాయి ఉపరితలం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ ఉంటాయి కాబట్టి నీటితో హైడ్రోజన్ బంధాలు కలుపుకుని తడిగా ఉండి, నీటితో పాటే జారిపోతుంది. కార్బన్ తప్ప వేరేమీ లేని వజ్రానికి నీటితో పొత్తు కుదరదు. అది గ్రీజుకు అంటుకుని ఆగిపోతుంది. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న వజ్రం మీద లవణాల పొర పట్టి ఉంటే మాత్రం అది కూడా పలుగురాయిలాగే తడిసి జారిపోతుంది. అలాంటి కంకరను బల్ల మీదికి వదిలేముందు, ఆ పొరను మార్చే రసాయనాలతో శుద్ధి చేస్తారు.